ఈగలకు కొత్త రక్తం

కప్పలు పెంచుకునే జనం మధ్య ఆయన పేరు గురువుగారు. ఆయన వీడియోలు చూసేవాళ్లు నలభై వేల మంది. కప్ప ఏం తినాలి, ఎంత తినాలి, తిననని మొరాయిస్తే ఏం చెయ్యాలి, అన్నిటికీ ఆయన దగ్గర సమాధానం ఉంటుంది. ఆఫీసు నుంచి రాగానే మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గాజు తొట్టి పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. తొట్టి అద్దం తుడిచేదీ, నాచు తడిపేదీ, కప్పలకి మేత వేసేదీ ఆయన భార్య. ఆ గదిలో గురువుగారు స్వహస్తాలతో చేసే పని ఏదైనా ఉందంటే అది కుర్చీ లాక్కోవడమే.

ఆవిడ దర్జీ. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో ఈగల సీసాలు. మగ్గిన పళ్ల మీద ముసురుతాయే, ఆవగింజలో సగం ఉండే ఈగలు, అవన్నమాట. అందులోనూ పుట్టుకతోనే రెక్కల్లేని రకం. ఎగరలేవు, పాకుతాయి. బొటనవేలి గోరంత కప్పపిల్ల నాలుక చాపితే అందేది ఆ పాకే ఈగే. బంగాళాదుంప పొడిలో పంచదార, కాస్త వెనిగర్, చిటికెడు ఈస్ట్ కలిపి సీసా అడుగున మెత్తి, లోపల నలిపిన కాగితం దోపి, కత్తిరింపుల్లో మిగిలిన పల్చటి గుడ్డతో మూతి బిగించేది. వారానికి రెండు కొత్త సీసాలు. ఆరేళ్లుగా ఒక్క బయటి ఈగను ఆ గుడ్డ దాటనివ్వలేదు. ఆ సంగతి నలభై వేల మందికి ఎవరూ చెప్పలేదు.

ఈసారి తొట్టిలో పదకొండు పిల్లలున్నాయి. గుడ్లను వేరు చేసి, తోకకప్పల్ని ఒక్కోదాన్ని ఒక్కో గిన్నెలో పెంచి, మూడు నెలలు కాపాడితే కాళ్లొచ్చి ఒడ్డెక్కినవి. వాటికి రోజూ మేత పడాలి. రెండు రోజులు పస్తుంటే తొడలు పుల్లలవుతాయి.

ఆ రోజు పొద్దున్న ఆవిడ మామూలుగానే సీసా తెచ్చి, కాల్షియం పొడి చల్లిన గిన్నెలోకి దులిపింది. ఈగలు గిన్నెలో పడలేదు. పొగలా లేచి ఆవిడ మొహం మీదుగా కిటికీ అద్దానికి అతుక్కున్నాయి. రెండో సీసా విప్పింది. అదీ అంతే. ఆరు సీసాలూ అంతే. పాత తల్లి ఈగల పుణ్యమా అని ఏ పదింటికో ఒకటి రెక్కల్లేకుండా అడుగున పాకుతోంది.

"ఏవండీ, నా సీసాల్లో ఎవరైనా చెయ్యి పెట్టారా?"

గురువుగారు పేపరు దించలేదు. "పెట్టాను. మూడు వారాల కిందట నువ్వు స్కూలు యూనిఫాంలు ఇవ్వడానికి వెళ్లావు చూడు, ఆ రోజు. ఆరేళ్లుగా అవే ఈగలు వాటిలో వాటికే పుట్టి బలహీనపడిపోతున్నాయే. కొత్త రక్తం కావాలి. అరటితొక్క పెట్టి బయటి ఈగల్ని పట్టి సీసాకి ఐదారు చొప్పున వదిలాను. వీడియో కూడా చేశాను. నువ్వు చూడలేదా?"

చూడలేదు. ఆయన వీడియోలు చూడటానికి ఆవిడకి తీరిక ఎక్కడ, వాటిలో కనిపించే కప్పలకి మేత వెయ్యాలిగా. అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెక్కలున్నదానితో జతకడితే పుట్టే పిల్లలన్నిటికీ రెక్కలేనండీ! ఆ ముక్క తెలియకుండానే గురువుగారైపోయారా?"

"తెలియకేం! బలమైన సంతానం రావాలంటే మొదట్లో కొంచెం నష్టం ఉంటుంది. నీకు అర్థం కాదులే."

నష్టం ఎవరికో ఆయన చెప్పలేదు. ఆవిడ తొట్టి దగ్గర చతికిలబడింది. పిల్లలన్నీ అద్దం వైపు తిరిగి కూర్చున్నాయి. మనిషి నీడ పడితే మేత వస్తుందని వాటికి అలవాటు. తొట్టిలోకి దూరిన ఈగలు పైన గాజు మూత కిందే ఎగురుతూ ఉన్నాయి, కింద ఇవి నోళ్లు తెరుచుకుని చూస్తూనే ఉన్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎవరి కడుపూ నిండదని లేచింది.

పాకే ఈగల్ని ఏరి వేస్తే ఆ పూట గడిచింది. మర్నాటికి సీసాల్లో పైకి కనిపించేవి అయిపోయాయి. ఇక మిగిలింది ఒక్క దారి. ఆరేళ్ల కిందట మొదటి సీసా ఇచ్చింది పళ్లడాక్టరమ్మ. ఇలాంటి కప్పల్నే పెంచుతుంది, శుభ్రమైన మనిషి, సీసాల మీద తేదీతో పాటు గంట కూడా రాసే రకం. డాక్టరమ్మ దగ్గర అసలు జాతి ఉండి తీరుతుంది. ఒక్క సీసా తెచ్చుకుంటే చాలు. ఫోన్ చేసింది.

"అయ్యో అక్కా, నేనే మీకు చేద్దామనుకుంటున్నా!" అంది డాక్టరమ్మ. "గురువుగారి వీడియో చూసి మేమందరం కొత్త రక్తం కలిపేశాం. నా పద్నాలుగు సీసాల్లోనూ కలిపాను. ఇప్పుడు అన్నీ ఎగురుతున్నాయక్కా, పిల్లలు తినలేకపోతున్నాయి. మా గుంపులో ఎవర్నడిగినా ఇదే గోల. ఆయన దగ్గర అసలు జాతి దాచే ఉంటారుగా, ఒక్క సీసా ఇప్పించరూ?"

ఫోన్ స్పీకరులో ఉండటంతో గురువుగారూ విన్నాడు. లేచి చొక్కా సర్దుకుని, మళ్లీ కూర్చుని, చివరికి "ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఆవిడ సీసాల్ని ఫ్రిజ్‌లో పెట్టి, చలికి ఈగలు కదలకుండా అయ్యాక, లోపలి మడతల్లో దాగినవాటితో సహా తెల్ల కాగితం మీద ఒలకబోసింది. అప్పుడే పుట్టినవి ఇంకా పాలిపోయి ఉంటాయి, వాటికి జత కుదిరి ఉండదు. రెక్కల్లేనివాటిలో అలాంటివి ఏరి కొత్త సీసాలో వేస్తే జాతి నిలుస్తుంది. రెక్కల్లేని ముదురువి ఈ పూట మేతకి. ఒక సన్నటి కుంచె తను తీసుకుని, ఇంకోటి ఆయన చేతిలో పెట్టింది.

"కూర్చోండి. వేడెక్కితే లేచిపోతాయి. మాట్లాడకుండా ఏరండి."

గురువుగారు కూర్చున్నాడు. మెడ వంచి, కళ్లు చికిలించి, గంట సేపు ఏరాడు. కుంచె మొరటుగా ఆడించి సగం ఈగల్ని నలిపేశాడు. తర్వాత మెల్లగా, కాస్త మంచివాడిలా అడిగాడు.

"ఒక్కోదానికి పది చొప్పున సరిపోతాయా? అంటే పదకొండింటికి నూటపది."

"వంద చాలు" అంది ఆవిడ, కుంచె ఆపకుండా.

"పదకొండు కదా?"

"పొద్దున్నటి దాకా."