కిక్కురుమనని షాకబ్జరు

నేను ఒక షాకబ్జర్‌ని. మోటారు సైకిలు వెనక చక్రం పక్కన నిలబడి మీ నడుములు కాపాడే వాణ్ని. ముందే చెబుతున్నాను, నా అంతటి గట్టివాడు ఈ గోదావరి డెల్టాలో పుట్టలేదు. నా మీద పెళ్లికొడుకు మేనమామ ఎక్కాడు, ఆయన ఒళ్లో మేకపోతు ఎక్కింది, ఆ మేకపోతు మీద బియ్యం బస్తా ఎక్కింది. ఇక గోతులంటారా, ఒక గోతిలో దిగి పైకి వచ్చేసరికి జిల్లా మారిపోయేది. అయినా పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా కిక్కురుమనలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఫ్యాక్టరీలో నా కడుపు నిండా నూనె పోసి, ఒంటికి స్ప్రింగు తొడిగి, మూతి బిగించారు. పక్కనే నా తమ్ముణ్నీ అలాగే తయారుచేశారు. కవలలం మేము. చక్రానికి నేను కుడివైపు, వాడు ఎడమవైపు.

మా మొదటి యజమాని ఒక పెళ్లిళ్ల పేరయ్య. దారి పొడవునా అబద్ధాలు చెబుతూ పోయేవాడు. అంత బరువు నేనింకెప్పుడూ మోయలేదు. ఆయన దగ్గర్నుంచి పెళ్లి ఫోటోలు తీసే కుర్రాడి చేతికి వచ్చాం. వాడు వెనక్కి తిరిగి ఒక పెళ్లికూతుర్ని చూస్తూ బండిని తిన్నగా కాలవలోకి పోనిచ్చాడు. ఊరి జనం దూకి ముందు కెమెరాను తీశారు, తర్వాత ఆ కుర్రాణ్ని తీశారు. మర్నాడెప్పుడో మేం గుర్తొచ్చాం. మనుషుల లెక్కలు మనుషులవి.

అలా తణుకులో కాశింబాబు పాత సామాన్ల కొట్టుకు చేరి, ఒకే మేకుకు వేలాడుతూ ఉండిపోయాం. వచ్చిన ప్రతివాడూ మామిడిపండును నొక్కినట్టు మమ్మల్ని బొటనవేలితో నొక్కి, పెదవి విరిచి పోయేవాడు.

ఒక పొద్దున రోడ్డు మీద వింత ఊరేగింపు కనపడింది. ముందు ఒక ఆడమనిషి గంపను పొట్టకు హత్తుకుని నడుస్తోంది. ఆమె వెనక ఒక మగమనిషి ముసలి మోటారు సైకిలు మీద కూర్చుని, ఆమె నడకకు సరిపడా మెల్లగా, కాళ్లతో నేలను తన్నుకుంటూ వస్తున్నాడు. ఆమె సలోమి. అతను ఆమె మొగుడు యేసుపాదం. కోతలయ్యాక చేలల్లో బాతుల మందను మేపుకు తిప్పే మనుషులు.

"బండుండి నడుత్తున్నావేంటమ్మాయ్?" అన్నాడు కాశింబాబు.

"అది బండా బాబాయ్? ఎగిరెగిరి కింద పడేత్తంది. నేనెక్కితే నా ఎముకలిరుగుతాయి, గుడ్లెక్కితే గుడ్లు చితుకుతాయి."

సంగతేమిటంటే, ఆ వేసవిలో తెగులు వచ్చి మంద మందంతా పోయింది. చచ్చేముందు బాతులు పెట్టిన గుడ్లు ఒక గంపెడు మిగిలాయి. ఈ బాతులకు గుడ్లు పెట్టడమే తెలుసు, పొదగడం చేతకాదు. అందుకని వాళ్ల ఇళ్లల్లో ఎప్పుడూ కోడి చేతే పొదిగిస్తారు. ఆ కోడి పాపం ఊరందరి బిడ్డల్నీ తన బిడ్డలే అనుకుంటుంది. ఇవాళో రేపో పిల్లలవుతాయనగా, ముందురోజు సాయంత్రం గూడు తలుపు వేయడం మరిచారు. కుక్క వచ్చి కోడిని ఎత్తుకుపోయింది. కాలవ అవతల ఊళ్లో యేసుపాదం అక్క రాహేలు ఇంట్లో ఒక కోడి పొదుగు మీద ఉంది. గుడ్లు చల్లారకుండా, చితక్కుండా అక్కడికి చేరితే వీళ్లకు మళ్లీ మంద ఉంటుంది. లేకపోతే యేసుపాదం చేపల చెరువు మీద కాపలాకు పోవాలి, సలోమి రొయ్యల షెడ్డుకు పోవాలి.

యేసుపాదం బండి తయారీ ఆగిపోయి ఏళ్లయింది. ఊళ్లో ఎక్కడో కొత్త షాకబ్జర్లు దొరికాయిగాని, బండిని అమ్మినా వాటి ఖరీదు రాదు. కాశింబాబు మా వంక చూశాడు. మమ్మల్ని దించి, బండి పక్కన పెట్టి చూసి, "కన్నాలు పెద్దవి. బుష్షులేయాలి" అన్నాడు. లారీ ట్యూబు ముక్క కోసి, చుట్టి, మా చెవుల్లో దూర్చాడు.

"స్ప్రింగు బాగా గట్టిగా బిగించు బాబాయ్. అస్సలు కదలకూడదు," అన్నాడు యేసుపాదం.

"కదలకపోతే ఇది దేనికిరా, కర్రముక్క కట్టుకో," అని కాశింబాబు నా స్ప్రింగును పూర్తిగా వదులు చేశాడు. మమ్మల్ని ఎంత చవగ్గా ఇచ్చాడో చూసి సలోమికి అనుమానమొచ్చింది. "దొంగ సామాను కాదుగదా?" అంది. కాశింబాబు నవ్వి డబ్బు జేబులో వేసుకున్నాడు.

కాలవగట్టు ఎక్కాం. సలోమి వెనక కూర్చుని గంపను ఒళ్లో పెట్టుకుంది. మొదటి గోతిలో దిగాను, మెత్తగా లేచాను. రెండోదానిలో దిగాను.

"కీచ్!"

"ఆపు! ఆపు! పిల్ల కూసింది!" అని సలోమి కేక పెట్టింది. బండి ఆపి, గుడ్ల చుట్టూ వెచ్చగా పోసిన ఊక తోడి, గుడ్లన్నీ చూశారు. ఒక్కటీ చిట్లలేదు. యేసుపాదం సీటు మీద చెయ్యేసి నొక్కాడు. కీచ్.

అవునండి, నేనే. పొడి ట్యూబు ముక్క. పెళ్లికొడుకు మేనమామ కింద కూడా నోరెత్తనివాణ్ని గంపెడు గుడ్ల కింద కీచుమన్నాను. ఆ తర్వాత గట్టు పొడవునా కీచుమంటూనే ఉన్నాను. ఇంకేం దాస్తాను.

లాకుల వంతెన దగ్గర గడ్డి ట్రాక్టరు అడ్డంగా ఇరుక్కుంది. యేసుపాదం ఇంజను ఆపేసి, కాలు నేలకానించి కూర్చున్నాడు.

కీచ్.

"మళ్లీ మొదలెట్టింది. తిరిగెళ్లేప్పుడు దీన్ని కాశింబాబాయ్ మొహాన కొడతాను," అన్నాడు.

సలోమి గంప మీదికి చెవి వంచింది. గొంతు తగ్గించి, "బండాగుంది కదయ్యా," అంది. "ఆగిన బండిలో అదెలా కూత్తాది?"

అప్పుడు నాకు తెలిసింది. గంపలోంచి ఆమె ఒడిలోకి, ఒడిలోంచి సీటులోకి, సీటులోంచి ఇనుములోకి, ఇనుములోంచి నా స్ప్రింగు చుట్టలన్నీ దిగుతూ ఒక చప్పుడు వచ్చింది. టిక్. కాస్త ఆగి, టిక్. పక్కన లాకుల నీళ్లు హోరుమంటున్నాయి, ట్రాక్టరు వాళ్లు తిట్టుకుంటున్నారు. వాటన్నిటి మధ్యా, ఇంకా కళ్లయినా తెరవనిది ఒకటి, తన లోకానికున్న ఒకే ఒక్క గోడను ముక్కుతో కొడుతోంది. గోడ అవతల ఏముందో దానికి తెలియదు. అయినా కొడుతోంది. నేను బస్తాలు మోశాను, మేకను మోశాను. ఇంత తేలికైనదాన్నీ, ఇంత బలమైనదాన్నీ ఎన్నడూ మోయలేదు. కదిలితే ఏమవుతుందోనని బిగుసుకుపోయాను. యేసుపాదం కూడా సీటు మీద అలాగే బిగుసుకుపోయాడు.

"పోనీ, మెల్లిగా పోనీ," అంది సలోమి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు కనపడదు.

రాహేలు కోడి గంపను చూసి ఒకసారి మెడ వంకర తిప్పి, ఎక్కి కూర్చుంది. తెల్లారేసరికి దాని రెక్కల కింద పసుపుపచ్చని తలలు. అన్నీ లేవలేదు. లేచినవి మందకు చాలాయి.

ఇప్పుడు ఆ బండి లేదు. బాతుల గూడు తలుపు దానంతటదే మూసుకోవడానికి దానికి బరువుగా నన్నూ తమ్ముణ్నీ ఒకే తీగకు వేలాడదీశారు. ఏ కుక్కా మమ్మల్ని దాటి పోలేదు. సాయంత్రం మంద లోపలికి దూరేటప్పుడు తీగ కీచుమంటుంది. పిల్లలు తిరిగి బదులు పలుకుతాయి.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. గుడ్డులో చప్పుడు అనుకుంటున్నారు కదూ? కాదు, అది నిజం. తమ్ముడు అన్నది అబద్ధం. నాకు తోడబుట్టినవాడు ఆ కాలవలోనే ఉండిపోయాడు. వీడిది ఏ బండో, ఏ ఊరో తెలియదు, నాకంటే పొట్టి కూడా. కాశింబాబు వీడి కాలికింద ఇనపముక్క వేసి నా ఎత్తుకు తెచ్చాడు. కుదరని జోడు కాబట్టే అంత చవగ్గా వచ్చాం. కానీ ఆ లాకుల దగ్గర, నేను కుడివైపు, వాడు ఎడమవైపు, ఊపిరి బిగబట్టి ఒకే చప్పుడు విన్నాం. ఆ తర్వాత వాణ్ని తమ్ముడు అనక ఇంకేమనమంటారు?