కష్టపడే మనిషి

ఆ మంగళవారం రాతబల్ల దగ్గర ఒడెస్సా ప్రూయిట్ చేసుకొచ్చిన వెన్న కేకు కోసిన ముక్కలు కోసినట్టే ఉండిపోయాయి. మరిసేలా వాటి వంక చూడలేదు. పక్కనే రెనాటా ఫోంటనో తెచ్చిన పీకన్ పప్పుల మిఠాయి డబ్బా ఉంది. మరిసేలా అందులోంచి ఒకటి నోట్లో వేసుకుని, అది కరిగేలోపే ఇంకొకటి తీసుకుంది. ఒడెస్సా రెండుసార్లూ చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

రాతబల్ల అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. మిషిగన్‌లోని ఆ యూనివర్సిటీలో కొత్తగా చేరిన ప్రొఫెసర్లు వారానికోసారి ఒక గదిలో చేరి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరి పుస్తకం వాళ్లు రాసుకుంటారు. నల్లవాళ్లు, మెక్సికన్ ఇళ్ల పిల్లలు, వంశంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, ఆ పెద్ద ఊళ్లో తమకెవరూ లేరనుకునేవాళ్లు అక్కడికి వస్తారు. ఆ బల్ల వేసింది ఒడెస్సా. తర్వాత దాని చుట్టూ ఒక ఆఫీసు పెరిగింది. కొత్త ప్రొఫెసర్లు నిలదొక్కుకునేలా చూడటం, వాళ్ల పరిశోధనకి సాయం చేయడం ఆ ఆఫీసు పని. దానికి డైరెక్టరూ ఆవిడే. ఈ పనిలో పడి సొంత పుస్తకం రాసుకోనే లేదు, సోషియాలజీలో అసోసియేట్ ప్రొఫెసర్‌గానే తల నెరిసింది. ఎవరైనా ఆ మాటెత్తితే "నా పుస్తకాలకి కాళ్లున్నాయి, క్యాంపస్ అంతా తిరుగుతున్నాయి" అని నవ్వేసేది.

ఆ పుస్తకాల్లో ఆవిడకి ప్రాణమైనది మరిసేలా కిన్యోనెస్. టెక్సాస్ సరిహద్దు పిల్ల. చెర్రీ కోతలకి ఏటా మిషిగన్ వచ్చిపోయే కుటుంబం వాళ్లది. ఆ కోతల వెంట బడులు మారుతూ పెరిగే పిల్లల మీదే ఆమె పరిశోధన. వచ్చిన కొత్తలో మంచు బూట్లు కొనిపెట్టింది ఒడెస్సా, ఇల్లు వెతికిపెట్టింది ఒడెస్సా, మొదటి చలికాలం ఏడుస్తుంటే సూప్ గిన్నె పట్టుకెళ్లి కూర్చుంది ఒడెస్సా. ఇప్పుడు మరిసేలాకి గడువు దగ్గరపడింది. వచ్చే ఏడాదిలోగా పుస్తకం పూర్తయితే ఉద్యోగం పర్మనెంటవుతుంది, లేకపోతే సామాను సర్దుకోవాలి. క్లాసులు చెప్పుకుంటూ అది అయ్యే పని కాదు. ఒడెస్సా ఆఫీసు ఏటా ఒక్కరికి ఏడాది పాటు క్లాసుల నుంచి సెలవు ఇప్పిస్తుంది. ఆ సెలవు దొరికితేనే మరిసేలా గట్టెక్కుతుంది. ఆ సంగతి ఒడెస్సాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అంతా సవ్యంగా నడుస్తుండగా లూయిజియానా నుంచి రెనాటా దిగింది. ఆవిడ పుస్తకాలు దేశమంతా చదువుతారు. యూనివర్సిటీ వాళ్లు ఏరికోరి తెచ్చుకుని ప్రత్యేకమైన పదవి ఇచ్చి కూర్చోబెట్టారు. మెడలో రంగురంగుల స్కార్ఫు, గదికి ఇవతల నుంచే వినిపించే నవ్వు, ఎవరిని పలకరించినా "బంగారం" అనడం. వచ్చిన నెలకే మరిసేలా ఆవిడ వెంట నది గట్టున నడవడం మొదలుపెట్టింది.

"బంగారమట, బంగారం!" అంది ఒడెస్సా ఆఫీసు కిటికీలోంచి గట్టు వైపు చూస్తూ. "రోజూ అంతసేపు ఏం మాట్లాడుకుంటారో! మంచులో కాళ్లు కొయ్యబారిపోవూ?"

ఆఫీసు పనులన్నీ చక్కబెట్టే లూ ఆన్ తల ఎత్తకుండానే అంది. "కాళ్ల సంగతి తెలీదుగానీ, ఇక్కడెవరికో కడుపులో పొయ్యి రాజుకున్నట్టుంది. హీటర్ ఆపేయమంటావా?"

"నాకెందుకమ్మా కడుపుమంట? పిల్ల బాగుపడితే నాకు సంతోషమేగా."

"అవునవును. ఆ సంతోషంతోనే ఇందాకట్నుంచీ ఆ పెన్ను మూత కొరుకుతున్నావు."

ఒడెస్సా మూత నోట్లోంచి తీసి బల్ల మీద పడేసింది. లూ ఆన్‌కి నోటి దురుసు ఎక్కువ అనుకుంది. అది చెప్పింది నిజమేనని మాత్రం ఒప్పుకోలేదు.

సెలవు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ గురువారం కూర్చుంటుంది. బుధవారం ఒడెస్సా మరిసేలాని గదికి పిలిచింది.

"మూడో అధ్యాయం చూపించు బేబీ. రేపు నీ గురించి చెప్పేముందు ఓసారి చదువుకుంటా."

మరిసేలా కళ్లు మెరిశాయి. "అది మొత్తం మారిపోయింది, మిస్ ఒడెస్సా! రెనాటా చదివి, ముందున్న చరిత్ర అంతా తీసి పారెయ్, స్కూలు బస్సులో కూర్చున్న పిల్లతో మొదలుపెట్టు అంది. తీసేశా. ఇప్పుడు అధ్యాయం పరుగెడుతోంది!"

ఆ చరిత్ర అంతా కిందటి ఎండాకాలం ఒడెస్సా వరండాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాసింది. సగం వాక్యాలు ఒడెస్సావే. పిల్ల మర్చిపోయి ఉంటుంది. సంతోషంలో ఉన్నవాళ్లకి అవేం గుర్తుంటాయి? ఒడెస్సాకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

"మంచిదేగా," అంది. "ఆవిడ పెద్ద రచయిత్రి. నాలాంటిదానికి ఏం తెలుస్తుంది?"

"అదేంటి అలా అంటారు?" అని నవ్వింది మరిసేలా. అది సరదా మాట అనుకుంది.

ఆ మధ్యాహ్నమంతా ఒడెస్సా లోపల్లోపల ఉడికిపోయింది. బూట్లు కొనేటప్పుడు నేను కావాలి, బుర్రకి ఆవిడ కావాలి. ఏడుపులకి నేను, నవ్వులకి ఆవిడ. ఇలా జత చేసుకుంటూ పోయింది. జత చేసేకొద్దీ మంట పెరిగిందేగాని తగ్గలేదు.

ఇక్కడో సంగతి చెప్పాలి. కమిటీల్లో కూర్చునేవాళ్లకి ఏటా పాఠం చెప్పేది ఒడెస్సాయే. ఆ పాఠంలో అందరికీ గుర్తుండిపోయే ముక్క ఒకటుంది. "మగాడి గురించైతే మేధావి అంటారు, కొత్త దారి తొక్కాడంటారు. ఆడదాని గురించి, అందులోనూ మాలాంటి రంగుదాని గురించైతే ఏమంటారు? పాపం బాగా కష్టపడుతుంది అంటారు! అంటే అర్థమేంటి? బుర్ర లేదు, గొడ్డుచాకిరీ చేస్తుంది అని. పొగిడినట్టే ఉంటుంది, పీక నొక్కేస్తుంది." అందరూ పగలబడి నవ్వేవారు. నవ్వి నేర్చుకున్నారు. ఆ యూనివర్సిటీ కమిటీల్లో ఇప్పుడు ఆ మాట నోరు జారి కూడా ఎవరూ అనరు. ఎవరైనా అన్నారంటే కావాలని అన్నట్టే.

గురువారం కమిటీలో పేర్లు తగ్గి తగ్గి ఇద్దరే మిగిలారు, మరిసేలా, ట్రెవర్ లుండీన్. సైన్సు లాబుల్లో వినికిడి లేని విద్యార్థుల ఇబ్బందుల మీద పనిచేస్తున్నాడు ట్రెవర్. బుద్ధిమంతుడు, పని కూడా మంచిదే. అతని తరఫున కెమిస్ట్రీ ప్రొఫెసర్ వాల్ట్ హెంకె చక్కగా మాట్లాడాడు. కమిటీకి పెద్ద అయిన విన్స్‌లో హేక్స్ "ఇక మరిసేలా గురించి ఎవరు చెప్తారు?" అన్నాడు. అందరూ ఈ ఏడే కమిటీలోకి వచ్చిన రెనాటా వైపు తిరిగారు.

రెనాటా చెయ్యి అడ్డంగా ఊపింది. "నేను కాదు. ఒడెస్సా చెప్తుంది. ఒడెస్సా చెప్తేనే బాగుంటుంది."

అందులో తప్పేముంది? ఏమీ లేదు. కానీ ఒడెస్సా చెవికి అది వేరుగా వినిపించింది. నా పిల్ల గురించి నేను మాట్లాడటానికి నువ్వు అనుమతిస్తున్నావా? నిన్నగాక మొన్న వచ్చి నాకు దానం చేస్తున్నావా? రాసి తెచ్చుకున్న మాటలన్నీ ఎదురుగా కాగితం మీద ఉన్నాయి. ఆవిడ ఆ కాగితాన్ని తిరగేసి బోర్లా పెట్టింది.

"మరిసేలా," అంది, "చాలా కష్టపడే మనిషి."

వాల్ట్ హెంకె పెన్ను ఆగిపోయింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. విన్స్‌లో కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆ గదిలో ఆ మాటకి అర్థం తెలియనివాళ్లు లేరు. తెలిసేలా చేసింది ఆవిడే.

"అదేంటి ఒడెస్సా?" రెనాటా ముందుకి వంగింది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "ఆ మాట నీ నోటినుంచా? ఇంకేదో అనబోయి అన్నావు కదూ? మళ్లీ చెప్పు."

రెనాటా దిద్దుకునే దారి ఇచ్చింది. అక్కడ ఆగి "అవును, తప్పు మాట దొర్లింది" అంటే సరిపోయేది. అదే మాట ఇంకెవరు అడిగినా అనేదేమో. అడిగింది రెనాటా.

"అనాలనుకున్నదే అన్నాను," అంది ఒడెస్సా. "బాగా కష్టపడుతుంది, అందరితో కలిసిపోతుంది."

ఓటు అడిగితే మరిసేలా వైపు రెనాటా చెయ్యి ఒక్కటే లేచింది. ఒడెస్సా ఎవరికీ చెయ్యి ఎత్తలేదు. సెలవు ట్రెవర్‌కి వెళ్లిపోయింది. బయటికి వచ్చేటప్పుడు రెనాటా ఆవిడ పక్క నుంచే నడిచింది, పలకరించలేదు.

మరుసటి మంగళవారం ఒడెస్సా తలుపు తీసేసరికి రాతబల్ల దగ్గర మరిసేలా ఒక్కతే కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. అయినా ఒడెస్సాని చూసి నవ్వింది.

"రాలేదు కదా, మిస్ ఒడెస్సా. నిన్న కబురొచ్చింది."

"విన్నా."

"ఇక క్లాసులు, పేపర్లు దిద్దడం, రాయడం, అన్నీ కలిపి ఈదాలి. రెనాటాకి చెప్పేశా, నడకలకి టైము లేదని. రాయడానికి మిగిలింది ఈ మంగళవారాలే. ఇంక మీ ప్రాణం తినడమే నా పని." కుర్చీ జరిపి పక్కన చోటు చూపించింది. "రండి, కూర్చోండి. ఎక్కడ తప్పు జరిగిందో మీరే చెప్పాలి. మీరు చెప్తే దిద్దుకుంటా."

ఒడెస్సా కోరుకున్నది ఇదే. నడకలు లేవు, మిఠాయిలు లేవు, పిల్ల తిరిగి తన పక్క కుర్చీలోకి వచ్చేసింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆవిడకి సంతోషం వేసింది కూడా. ఆ సంతోషం చూసి తన మీద తనకే రోత పుట్టింది.

"కమిటీలో రెనాటా ఏమైనా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"రెనాటా మాట్లాడతానంది. నేనే వద్దన్నా," అంది మరిసేలా. "నా పని ఆవిడకి నచ్చింది, అంతే. నేనెవరో తెలిసింది మీకు. మిస్ ఒడెస్సా చెప్తేనే నాకు బాగుంటుంది అని బతిమాలి ఒప్పించా. మీరు ఆ గదిలో ఉన్నారని ఆ రోజు హాయిగా నిద్ర కూడా పోయా."

ఒడెస్సా ఆ పిల్ల జరిపిన కుర్చీ వైపు చూసింది. కూర్చోలేదు. ఆ కుర్చీలో కూర్చునే మొహం ఆవిడకి లేదు.

"నిన్ను ముంచింది నేనే," అంది.

"ఏంటి?"

"కష్టపడే మనిషి అన్నాను. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు."

మరిసేలా కూడా ఆ పాఠం విన్నదే. ఆమె మొహంలో రంగు మెల్లగా పోయింది. "ఎందుకు?" అంది చివరికి.

"కుళ్లు. నువ్వు ఆవిడతో నవ్వుతుంటే ఓర్చుకోలేకపోయా. ఇంకే కారణమూ లేదు. ఉంటే బాగుండేది."

మరిసేలా ల్యాప్‌టాప్ మూసి కోటు అందుకుంది. ఒడెస్సా గబగబా ఫోను తీసి విన్స్‌లోకి చేసి, పిల్లకి వినపడేలా స్పీకర్ పెట్టింది.

"విన్స్‌లో, గురువారం నేను చెప్పింది అబద్ధం. కుళ్లుతో చెప్పాను. అది కొట్టేసి మళ్లీ కమిటీని కూర్చోబెట్టు. కావాలంటే నన్ను ఈ ఆఫీసులోంచి పంపించెయ్."

"అందరికీ చెప్పేశాం ఒడెస్సా," అన్నాడు విన్స్‌లో. "ట్రెవర్ క్లాసులకి వేరేవాళ్లని కూడా పెట్టేశారు. ఇప్పుడు ఆ కుర్రాడి దగ్గర ఏ మొహంతో లాక్కుంటాం?"

"అయినా విను. ఆ పిల్ల మేధావి. నేను పాతికేళ్లు చూసీ చూడని సంగతిని బస్సు కిటికీలోంచి చూసింది. బడి మారిన పిల్లకి ఏం పోతుందని మనమందరం రాశాం. ఏం వెంట తీసుకెళ్తుందని అడిగింది ఇదొక్కతే. ఈ పుస్తకం వస్తే మా పుస్తకాలన్నీ మళ్లీ రాసుకోవాలి. నేను పక్కన కూర్చుని రాయించిన పేజీలు తీసేసింది చూడు, అది రైటు. నాది తప్పు. ఇంతమందిని పెంచాను, ఇలాంటి బుర్ర ఇంకొకటి చూళ్లేదు విన్స్‌లో."

ఇన్నేళ్లలో ఒడెస్సా ఆమెని మొహం మీద ఎన్నడూ పొగడలేదు. పొగిడితే పిల్ల చెడిపోతుందనుకునేది. కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి అలాగే వదిలేసి, మరిసేలా ఆ మాటలు ఆఖరిదాకా విన్నది. విన్స్‌లో ఏదో గొణిగి ఫోను పెట్టేశాడు.

"బాగా చెప్పారు, డాక్టర్ ప్రూయిట్," అంది మరిసేలా. "ఇవన్నీ నేను లేనప్పుడు చెప్పాల్సిన మాటలు."

రెండో చెయ్యి కూడా కోటులో దూర్చి, బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.