సుద్దగీత

ట్రాఫిక్ స్టేషన్లో అందరూ అతన్ని గీత మాస్టారు అనేవారు. తాగి బండి నడిపేవాళ్లను పట్టుకోవడానికి ఊదే మిషను ఉన్నా, ఆయనగారికి దాని మీద గురి లేదు. జేబులో సుద్దముక్క ఉండాల్సిందే. రోడ్డు మీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనించుకుంటూ నడవమనేవాడు. తడబడ్డావా, నీ పని అయిపోయినట్టే. "మిషను మొరాయిస్తుంది గానీ కాళ్లు అబద్ధం చెప్పవురా" అని కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు కూడా చెప్పేవాడు.

ఆ సాయంత్రం మిషను నిజంగానే మొరాయించింది. ఆపిన పాత స్కూటరు మీద మనిషిని చూడగానే మాస్టారు ఎత్తిన చెయ్యి దించేశాడు. సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామగారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మీ ఇంటికే బాబూ. మనవరాలికి గౌను కుట్టాను, ఇచ్చి పోదామని."

వెనకనున్న కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. "ఏం మాస్టారూ, సొంతవాళ్లకి గీత ఉండదా?"

ఆ మాట చురుక్కున తగిలింది. మామగారని వదిలేస్తే రేపు నలుగురిలో తలెత్తుకోగలడా? మాస్టారు సుద్దముక్క తీశాడు.

"నేను జన్మలో చుక్క ముట్టలేదు. నీకు తెలియదా బాబూ?"

"రూలు అందరికీ ఒకటే మామయ్యా. నడవండి."

ముసలాయన చెప్పులు విడిచి గీత మీదికొచ్చాడు. జీవితమంతా దర్జీపని చేసి, గుడ్డ మీద ఒక్క వంకర కుట్టు వేయని మనిషి, సుద్దగీత మీద పక్కకి ఒరిగిపోయాడు. ఒంటికాలి మీద నిలబడమంటే స్కూటరు పట్టుకున్నాడు. ఆగిన బస్సు కిటికీల్లోంచి ఫోన్లు లేచాయి. "తాతకి బాగానే ఎక్కింది" అన్నారెవరో. మాస్టారు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఇంకోసారి" అన్నాడు. ఈసారి ఆయన కింద పడ్డాడు.

"తాగారు" అని తేల్చేసి, తాళంచెవి లాక్కుని, రక్తపరీక్షకి పంపాడు. అదీ జీపు వెనక, పట్టుబడ్డ తాగుబోతుల పక్కన కూర్చోబెట్టి.

రిపోర్టు కోసం ఆసుపత్రికి వెళ్లిన మాస్టారిని డాక్టరమ్మ మొహం మీదే అడిగేసింది. "ఈయన ఒంట్లో చుక్క మందు లేదు. కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాలు అరిగిపోయింది. సూదిపనికి కళ్లు ఎర్రబడ్డాయి. పెద్దవాళ్లకీ కాళ్లు బాగాలేనివాళ్లకీ ఆ నడక పరీక్ష పనికిరాదని మీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు. శిక్షణలో మొదటే చెప్పారు. వరసపెట్టి అందరూ మాస్టారూ మాస్టారూ అంటుంటే కళ్లు నెత్తికెక్కి ఆ ముక్క మర్చిపోయాడు. తన గీత మీద ఇన్నాళ్లూ తడబడ్డ మొహాలు గుర్తొచ్చాయి. వాళ్లలో మోకాళ్లు అరిగినవాళ్లు ఎందరో! అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"తప్పయిపోయింది మామయ్యా" అని చేతులు పట్టుకున్నాడు.

"పోనీలే బాబూ. నీ ఉద్యోగం అలాంటిది" అన్నాడు ముసలాయన, నేల చూస్తూ. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

తర్వాతి ఆదివారం మామగారు గౌను తీసుకుని వచ్చాడు. అప్పటికి మాస్టారు బజారుకెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మం పక్క కుర్చీలో ఉన్నాడు. ఆ కుర్చీ వదల్లేదు. మంచినీళ్లు మనవరాలే తెచ్చిచ్చింది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. గౌను వేసుకుని పిల్ల "తాతా, రా, ఆడుకుందాం" అని చెయ్యి లాగితే, "తర్వాతమ్మా" అన్నాడు. పొద్దు వాలుతున్నా, వెళ్లొస్తానంటాడు గానీ లేవడు.

భార్య మాస్టారిని వంటింట్లోకి పిలిచింది. మొహం చూడకుండా, గొంతు తగ్గించి చెప్పింది.

"మీరు కాసేపు గదిలోకి వెళ్లి తలుపేసుకోండి. మీరు చూస్తుంటే నాన్న నడవలేరట."

అతను వెళ్లి తలుపేసుకున్నాడు. అవతల కుర్చీ కిర్రుమంది. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా, ఆ అడుగులు గుమ్మం దాటేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.