తివాచీని బలపరిచిన వైనం

మ్యూజియం పాలకమండలిలో సామాన్య ప్రజల తరఫున ఒకరుండాలని ఎవరో నియమం పెట్టారు. సామాన్యులెక్కడ దొరుకుతారా అని వెతికి వెతికి నన్ను పట్టుకున్నారు. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు, మధ్యాహ్నాలు ఖాళీ అనే అపవాదు ఉంది. ఇంతకంటే అర్హతలేం కావాలి?

"అక్కడ నీ పనేమిటే?" అన్నారు మావారు, పేపరు దించకుండానే.

"సంస్థ సరిగ్గా నడుస్తోందో లేదో పైనుంచి చూడాలిట. రోజువారీ పనుల్లో మాత్రం వేలు పెట్టకూడదుట."

"వేలు పెట్టకుండా! నువ్వా!" పేపరు దిగింది.

మొదటి సమావేశంలోనే నా జబ్బు బయటపడింది. అక్కడ ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరచాలి. అప్పుడే చర్చ. అధ్యక్షులవారు రిటైరైన జడ్జిగారు. "బలపరిచేవారు?" అని కళ్లజోడు మీదుగా చూస్తారు. అందరూ మంచినీళ్ల గ్లాసుల వంక చూస్తారు. ఎదుటి మనిషి అడిగి అలా ఎదురుచూస్తుంటే ఉండబట్టని ప్రాణం నాది. "నేను బలపరుస్తున్నానండీ" అనేశాను. పైకప్పు మరమ్మతు, టికెట్టు వేళల మార్పు, మరుగుదొడ్లకి దారి చూపే బాణం గుర్తు, అన్నీ నా బలం మీదే నిలబడ్డాయి. బలపరిచి కాదంటే బాగుండదని చెయ్యి కూడా ఎత్తేదాన్ని. ఇంట్లో చచ్చినా సరేననని నేను, అక్కడ గంగిరెద్దునైపోయాను.

మొన్న కోశాధికారిగారు మ్యూజియంలోని పాతకాలపు పెద్ద తివాచీని విదేశంలో ప్రదర్శనకి ఏడాదిపాటు అరువిద్దామన్నారు. సంస్థకి పేరొస్తుందట. బలపరిచాను.

డైరెక్టర్‌గారు గొంతు సవరించుకుని, "మరమ్మతు విభాగం వద్దంటోందండీ" అన్నారు.

"వాళ్లెప్పుడు కావాలన్నారు లెండి" అన్నారు కోశాధికారి.

చేతులెత్తాం. నలుగురు ఔను, ముగ్గురు కాదు. ఆ నాలుగో చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా?

టీ విరామంలో బయటికొస్తే, వరండాలో ఒకమ్మాయి డైరెక్టర్‌గారిని ఆపేసింది. ఆ తివాచీని బాగుచేస్తున్నది తనేనట.

"ఏడేళ్లుగా పోగు పోగూ కలుపుతున్నాను సార్! చుట్టి, విప్పి, మళ్లీ చుడితే మధ్యలో చీలిపోతుంది. అది తిరిగొచ్చాక కలపడానికి ఏమీ మిగలదు."

"నేను చెప్పానమ్మా. మండలి వినలేదు."

మండలి అక్కడే గోడవారగా నిలబడి బిస్కెట్టు తింటోంది. మింగుడు పడలేదు.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ పక్కకెళ్లాక ఆయన్ని అడిగాను. "దీన్ని వెనక్కి తిప్పలేమాండీ?"

"తిప్పచ్చు. కానీ ఔనన్నవాళ్లలోనే ఎవరో ఒకరు మళ్లీ తీయాలి. కాదన్నవాళ్లు అడిగితే చెల్లదు." అని ఆయన మర్యాదగా వరండా బయటి చెట్ల వంక చూశారు.

టీ అయ్యాక లేచి నిలబడ్డాను. "అయ్యా, ఇందాకటి తివాచీ సంగతి మళ్లీ తీయాలండీ."

"కారణం?" అన్నారు జడ్జిగారు.

"నేను ఆలోచించకుండా చెయ్యెత్తానండీ."

"అదొక కారణమా అమ్మా?"

"ఇంతకంటే గట్టిది నా దగ్గర లేదండీ. ఆ మాటకొస్తే, ఇప్పటిదాకా ఎత్తినవన్నీ అలాగే ఎత్తాను."

"మీరేనా ఈ మాటనేది!" కోశాధికారిగారు నోరెళ్లబెట్టారు.

పైకప్పు నుంచి మరుగుదొడ్ల దాకా అన్నీ తిరగదోడతానేమోనని జడ్జిగారికి దడ పుట్టినట్టుంది. బలపరిచేవారెవరని కూడా అడక్కుండా గబగబా మళ్లీ చేతులెత్తించారు. ఈసారి ముగ్గురు ఔను, నలుగురు కాదు. తివాచీ కదలదు.

వరండాలో ఆ అమ్మాయి ఇంకా కూర్చునే ఉంది. జరిగిందంతా చెప్పాను. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తలెత్తి, "ముందు పంపమన్నది కూడా మీరేనన్నమాట! ఎందుకండీ?" అంది.

"ఎవరూ మాట్లాడకపోతే నాకు ఉండబట్టదమ్మా."

నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బలపరిచేదాన్నే.

"ఇంతకీ మీరు దాన్ని చూశారా?"

ఔననబోయి ఆగాను. "లేదమ్మా."

"రెండుసార్లు ఓటేశారా, చూడకుండానే?" నవ్వేసింది. "పదండి, చూద్దురుగాని. చెప్పులు మాత్రం బయటే విప్పాలి."

విప్పి, ఆ అమ్మాయి వెనకే మారు మాట్లాడకుండా లోపలికి నడిచాను.