తడి సున్నం లేని రోజు

గోడ పగులులోంచి మొలిచిన కప్పరి అనే ముళ్ల మొక్కను వేరుతో సహా లాగి, సెవస్టియానోస్ బుట్టలో పడేశాడు. కింద సముద్రం కోట పునాదిని తడుముతోంది. గ్రీసు దీవి రోడ్స్‌లోని రేవు కోటలో అతను మేస్త్రీ. ఎన్నో వందల ఏళ్ల కిందట యోధులు కట్టిన గోడల్లో ఎక్కడ పగులు కనిపించినా సున్నంతో పూడ్చడమే జీవితమంతా చేసిన పని. అరచేతులు ఆ రాళ్లలాగే గరుకుదేలాయి. గోళ్ల చివర్ల తెలుపు ఏ సబ్బుకూ పోదు. ఇవాళ్టితో కొలువు ముగుస్తుంది, రేపటి నుంచి పనికి రానక్కర్లేదు.

ఇవాళ మాత్రం సున్నం కలపలేదు. భార్య థెమెలీనా కోసం.

ఇన్నేళ్లూ ఆమె మధ్యాహ్నం భోజనం తెచ్చి కోట గుమ్మంలోనే ఇచ్చి వెళ్లిపోయేది. తడి సున్నం మీద మనిషి నీడ పడితే గోడ దాన్ని తనలో కట్టేసుకుంటుందని, ఆ మనిషి ఏడాది తిరిగేలోగా పోతాడని చిన్నప్పుడు ఆమెకు వాళ్ల నాయనమ్మ చెప్పింది. కోటలో ఎప్పుడూ ఏదో ఒక గోడ పచ్చిగానే ఉండేది. తను ఇంత ఇష్టపడిన చోటును ఆమెకు చూపించకుండానే దిగిపోవాలా అన్నదే అతని దిగులు.

"ఏం మేస్త్రీ, మీ ఆవిడ ఇవాళైనా లోపలికొస్తుందా, గిన్నె చేతికిచ్చి పారిపోతుందా?" అన్నాడు కాపలా ఉండే పరస్కెవాస్.

"నీ నీడ ఏ గోడకీ అక్కర్లేదు కాబట్టే నువ్విక్కడ నిశ్చింతగా కూర్చున్నావు," అంది అప్పుడే వచ్చిన థెమెలీనా.

గుమ్మం దగ్గర ఆగింది. "ఎక్కడా తడి లేదుగా?"

"బకెట్టు కూడా ఎండిపోయింది. చూసుకో."

ఆమె వేలితో గోడను తాకింది. పొడి దుమ్మే అంటింది. అతని చెయ్యి పట్టుకుని, తన నీడనే కనిపెట్టుకుంటూ మెట్లెక్కింది.

బురుజు మీదికి రాగానే ఆ సంగతే మర్చిపోయింది. ఎటు చూసినా నీళ్లే. దగ్గర పచ్చగా, ఆపైన చిక్కని నీలంగా, అవతలి ఒడ్డున అనతోలియా కొండల కింద కరిగిన వెండిలా. కాళ్ల కింద కోట మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడినట్టుంది.

"ఎంతుందో," అంది.

ఇటు తిరిగితే ఊరు. అందులో గోరంత డాబా, తీగ మీద దుప్పటి.

"అది మన ఇల్లే కదూ?"

"నువ్వు దుప్పటి ఆరేసి వంటింట్లోకి వెళ్లగానే ఇక్కడ నాకు ఆకలి మొదలయ్యేది."

"ఇన్నేళ్లూ నన్నే చూస్తూ కూర్చుంటే పనెప్పుడు చేశావు?"

"అందుకేగా గోడ ఇంకా పూర్తికాలేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. లేచే ముందు ఆమె తన ఎర్రపూల తలగుడ్డ విప్పి, గోడకున్న ఇనుప కడియానికి గట్టిగా ముడేసింది.

"రేపట్నుంచి ఇక్కడ నువ్వుండవు. డాబా మీంచి ఇద్దరం చూసుకోడానికి ఏదో ఒకటుండాలి."

సాయంత్రం అతను తన తాపీని పరస్కెవాస్ చేతికిచ్చి, ఆమె పక్కన నడుస్తూ రేవు దాటిపోయాడు. పైన బురుజు మీద ఎర్రపూల గుడ్డ గాలికి కాసేపు సముద్రం వైపు, కాసేపు ఊరి వైపు ఎగురుతోంది.