పద్నాలుగేళ్ల ఖాతర్

గుడ్డు పెంకులు పెనం మీద వేయించి రోట్లో దంచుతుంటే, టీవీ ముందు నుంచి మా ఆయన కేక వేశాడు. "జర మెల్లగ దంచరాదే, వార్తలు ఇనవడ్తలెవ్వు."

వార్తల్లో కొత్తగా ఏముంది? నిన్న బందే, ఇవాళా బందే. మూడు నెలలుగా మగ్గాలు ఆగిపోయాయి. పాండేసర మిల్లుల పొగ కూడా ఆగిపోయి, దండెం మీది తెల్లబట్టలు మొదటిసారి తెల్లగానే ఆరుతున్నాయి. సూరత్‌లో అందరికీ సెలవే, నాకు తప్ప. మూడు పూటల వంట, గంటకో చాయ్, కరోనా భయంతో మా అత్తమ్మ నర్సవ్వకు పొద్దంతా వేడినీళ్లు, కూతురు అక్షరకు ఫోన్లో బడి. కూరగాయల బండి రావడం లేదని మిద్దె మీద పగిలిన బకెట్లలో టమాట, వంగ వేసింది నేను. మెట్లెక్కి నీళ్లు మోసింది నేను. ఫోటో తీసి మగ్గాల దోస్తుల గ్రూపులో 'నా మిద్దె తోట' అని పెట్టింది మాత్రం ఆయన.

పెంకుల పొడి టమాటలకు. కాయ అడుగు నల్లబడి కుళ్లిపోతుంటే సున్నం తక్కువైందని అర్థమట. పొడి మెత్తగా ఉండాలి, ఒక్క ముక్క కూడా కనిపించకూడదు. కింద ఉండే ఇంటి యజమానురాలు మంజుబా వెల్లుల్లి కూడా ముట్టదు. మేం గుడ్లు ముట్టం అని చెప్పి ఈ ఇంట్లో చేరాం. పెంకు ముక్క ఆమె కంట పడితే ఆ రోజే సామాను బయట పెట్టాలి. ఆ భయమూ నాదే. గుడ్లు తినేవాళ్లు నిమ్మళంగా తింటారు, పెంకులు దాచే పని నాది.

నెల కిందట వంగ మొక్కల కింది ఆకులు పసుపుబారాయి. అత్తమ్మ చూసి, "నీ చెయ్యి మంచిది గాదు" అంది. ఆయన ఎవరినో అడిగి యూరియా తెచ్చి, నన్నడక్కుండానే రెండు మొక్కలకు పిడికెళ్లతో చల్లాడు. మూడో రోజుకు ఆ రెండూ మాడిపోయాయి. దానికీ నన్నే అన్నాడు. "నీళ్లు సక్కగ పొయ్యవైతివి. ఇంట్లనే కూసుంటవ్, గా పని గూడ రాదా నీకు?" మిద్దె మీద నిలబడి అరిచిన అరుపు వీధంతా వినిపించింది.

ఆయన దిగిపోయాక అప్పడాలు ఎండబెట్టడానికి మంజుబా పైకి వచ్చింది. నన్ను చూసింది, పసుపుబారిన మొక్కను చూసింది, తల అడ్డంగా ఊపింది. "ఖాతర్ నథీ, నవతా."

నథీ అంటే లేదని తెలుసు. ఖాతరు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కింద ఉండే ఆమెకు కూడా కనిపించిపోయింది కదా, నన్ను ఈ ఇంట్లో ఎవరూ ఖాతరు చేయరని! ఒక్కసారిగా దుఃఖం తన్నుకొచ్చింది. "చౌదా సాల్ సే నహీ హై, బా" అని ఏడ్చేశాను.

మంజుబా నోరు తెరిచింది. "చౌద్ వరస్! తో జీవే కేమ్?" పద్నాలుగేళ్లా, మరి ఎట్లా బతికింది అని.

నాకూ అదే తెలియదు.

అక్కడే ఫోన్ పట్టుకుని కూర్చున్న అక్షర పొట్ట పట్టుకుని నవ్వింది. "మమ్మీ, గుజరాతీల ఖాతర్ అంటే ఎరువు! చెట్టుకు ఎరువు లేదంటున్నది బా!" పెళ్లై వచ్చిన ఈ పద్నాలుగేళ్లలో నేను కూరల పేర్లు నేర్చుకున్నాను, బేరం నేర్చుకున్నాను. ఎరువుతో ఎన్నడూ పని పడలేదు. మంజుబా నవ్వలేదు. కాసేపు నా ముఖంలోకి చూసి కిందికి వెళ్లి, ఆముదం పిండి ఒక సంచిలో తెచ్చి ఇచ్చింది. మొదలుకు జానెడు దూరంలో పిడికెడు వేసి, మట్టి కప్పి, నీళ్లు పొయ్యమంది. యూరియాలాగా తొందరపెట్టదు, మెల్లగా పట్టుకుంటుంది, పదిహేను రోజులు ఆగమంది.

ఆయన ఈ ముచ్చట విని పడీపడీ నవ్వాడు. దోస్తులకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. "మా ఆమెకు పద్నాలుగేండ్ల సంది ఎరువెయ్యలేదంట!" నేను ఎందుకు ఏడ్చానో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. పిండి ఎందుకు కంపు కొడుతోందని అడిగాడు.

పదిహేను రోజులకు కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పసుపుబారిన కింది ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడలేదు. ఎందుకని అక్షర ఫోన్లో వెతికి చదివింది. తిండి చాలనప్పుడు కింది ఆకు తనలో ఉన్న బలమంతా తీసి పై చిగురుకు పంపుతుందట. పంపీ పంపీ తను పండిపోతుందట. అది విని నాకు ఒళ్లు మండింది. మొక్కకు జాలి లేదు సరే, ఆ ఆకుకు బుద్ధి లేదా? పైవాళ్లు పచ్చగా ఉంటే చాలా?

ఆ మధ్యాహ్నమే మెట్ల మీద కళ్లు తిరిగి, బకెట్ పట్టుకుని కూర్చుండిపోయాను. పోయినేడు దవాఖానాలో నీకు రక్తం తక్కువుందని చెప్పారు. గోళ్లు చూసుకున్నాను. సున్నం కొట్టినట్టున్నాయి. మా ఇంట్లో పొద్దున మూడు గుడ్లు ఉడుకుతాయి. ఆయనకు రెండు, అత్తమ్మకు ఒకటి, అందులోంచి అక్షరకు సగం. "మొగోడు మగ్గం నడుపుతడు, బలం గావాలె. ఇంట్ల ఉండేటోళ్లకు మనకేంది" అని అత్తమ్మ మాట. మగ్గం ఆగి మూడు నెలలైంది. గుడ్లు మాత్రం ఆగలేదు.

వార్తలు వినబడనియ్యకుండా పెంకులు దంచిన మర్నాడు పొద్దున ఐదు గుడ్లు ఉడకబెట్టాను. అక్షర చేతిలో ఒకటి పెట్టి, ఇంకోటి నేను ఒలుచుకుని, ఇంటి నడుమ పీట వేసుకుని కూర్చుని ఉప్పు అద్దుకుని తిన్నాను. ఎంత బాగుందో.

అత్తమ్మ చూపు నా చేతి మీదే. "ఏందే, నువ్వు తింటున్నవా?"

"పెంకులు చెట్లకని తీస్తివి, గుడ్డు గూడ నీకేనా?" అన్నాడు ఆయన నవ్వుతూ.

"ఖాతర్ ఏస్కుంటున్న" అన్నాను. "పద్నాలుగేండ్లు సూశిన. మీరెవ్వరు ఎయ్యరని సమజైంది. రోజు ఏస్కుంటా."

అక్షర నవ్వింది. ఈసారి ఆయన నవ్వలేదు. నేను చేతులు కడుక్కుని, ఐదు గుడ్ల పెంకులు రోట్లో వేసి, రోలు ఆయన ముందుకు జరిపాను.

"మెత్తగ దంచు. మంజుబా కండ్లవడొద్దు."