పదకొండు పళ్ళ బ్రేకు

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానబట్టే ఆవిడకి వారంలో ఆరు రోజులూ ఒక్కలాగే గడిచేవి. తెల్లవారకుండా లేచి తమ్ముడికి వంట చేసేది, వాడి చొక్కా ఇస్త్రీ చేసేది, వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేది. అప్పుడు షాపుకి నడిచి వెళ్ళి, సాయంత్రందాకా అద్దాల అంచులు అరగదీసేది. అర మిల్లీమీటరు మిగిలితే అద్దం ఫ్రేములో కూర్చోదు. అర మిల్లీమీటరు తగ్గితే జారిపోతుంది. ఆవిడ చేతిలో ఎప్పుడూ మిగలలేదు, తగ్గలేదు.

ఆదివారం మాత్రం నోటుపుస్తకం, పెన్సిలు, సన్నటి కొలతలు తీసే కాలిపర్ సంచిలో వేసుకుని, సందు చివర ఉండే మేస్త్రి ఇంటికి వెళ్ళేది.

మేస్త్రి నలభై ఏళ్ళు కార్ల షెడ్డులో సొట్టలు తీశాడు. తాను ఒక్కసారి చెయ్యి వేసిన బండి ఏదైనా సరే, తలుచుకుంటే చాలు, దాని భాగం ఆయన కుడి అరచేతిలో లేచేది. పులిసిన పిండి పొంగినట్టు చర్మం మెల్లగా ఉబ్బి, రెండు నిమిషాల్లో తలుపు పిడో, హెడ్‌లైటు చట్రమో అయి నిలబడేది. కాసేపు ఉండి మళ్ళీ అరచేతిలోకే దిగిపోయేది. వీధిలో దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఏ బోల్టు ఎటు తిరగాలో తెలియని మెకానిక్కులు వచ్చి చూసుకుని పోయేవాళ్ళు. పాలు పోసే ఆవిడకి మాత్రం చిరాకు.

"మేస్త్రీ, ముందా సైలెన్సర్ దించు. సీసా ఏ చేత్తో పట్టుకుంటావు?"

ఈ ఆదివారాలు మొదలవడానికి కారణం ఒక బొమ్మ కారు. కిందటి చలికాలం ఒక షాపు అద్దంలో ఆవిడకి ఆ డబ్బా కనిపించింది. చిన్నప్పుడు నాన్న నడిపిన కారే, ఇరవైనాలుగో వంతు సైజులో, ముక్కలు అతికించుకుని తయారు చేసుకునేది. కొని తెచ్చి, వారం రోజులు కూర్చుని అతికించి, తమ్ముడి బల్ల మీద పెట్టింది.

తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మనది ఇది కాదక్కా. మన కారు ముందున్న గ్రిల్‌కి అడ్డగీతలు, దీనికి నిలువుగీతలు. మన పక్క అద్దాలు గుండ్రంగా ఉండేవి. వెనక సీటు మధ్యలో ఒక మడత ఉండేది, గుర్తుందా? అందులో నేను బఠాణీలు దాచేవాణ్ణి."

సర్వే ఆఫీసులో పటాలు గీసే తమ్ముడు రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ సాయంత్రం అరగంట ఆ కారు గురించే చెప్పాడు. ఆవిడ వింటూ వాడి కుంటుపడ్డ ఎడమ కాలి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

ఆ కాలు విరిగింది ఆ కారు వల్లే. ఆవిడకి తొమ్మిదేళ్ళు, వాడికి ఐదు. ఏటవాలు వీధిలో కారు ఆపి నాన్న మందుల షాపులోకి వెళ్ళాడు. పిల్లలిద్దరూ లోపల డ్రైవరాట ఆడుకుంటున్నారు. ఆవిడ స్టీరింగు పట్టుకుంది, గేరు పట్టుకుంది, పక్కనున్న హ్యాండ్‌బ్రేకూ పట్టుకుంది. కారు కదిలింది. వాడు భయపడి తలుపు తీసుకుని దూకబోయాడు. గోడకీ తలుపుకీ మధ్య కాలు పడింది. "నేనే బ్రేకు దించాను నాన్నా" అని ఆవిడే చెప్పింది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కూతురితో గొంతు పెంచి మాట్లాడలేదు. నాన్న క్షమించాడని ఆవిడ అనుకుంది. తనని తాను మాత్రం క్షమించుకోలేదు. వచ్చిన రెండు సంబంధాలూ వద్దంది. తమ్ముడికి వంట ఎవరు చేస్తారు?

ఇప్పుడు వాడికి కావలసిన గ్రిల్ ఎక్కడా దొరకదు. అయితే తానే చేస్తుంది.

కట్టుడుపళ్ళు చేసే పళ్ళక్క దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది. పగలంతా అది దవడలు అచ్చువేసేది. సాయంత్రాలు పళ్ళక్క ఆవిడని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"అన్నీ డబ్బాలే, గొట్టాలే అనుకో. డబ్బాకి డబ్బా కలుపు, గొట్టంతో బెజ్జం పెట్టు. నోట్లో పన్నయినా అంతే, నీ కారు అద్దమైనా అంతే."

మొదటి నెల అంతా చెడిపోయింది. ప్రింటర్‌లో పోసే రెజిన్ ద్రవం తేనెలా చిక్కగా ఉండేది. పైనున్న పలక అందులో మునిగి లేస్తుంటే, పొర మీద పొర గట్టిపడుతూ ముక్క తలకిందులుగా పైకి వచ్చేది. చెరువులోంచి ఎవరో మెల్లగా ఒక ఇంటిని లాగుతున్నట్టు ఉండేది ఆవిడకి. చూస్తూ చూస్తూ కునుకు పట్టేది. లేచి చూస్తే గ్రిల్ ఒంకర తిరిగి ఉండేది, లేదా అద్దం సగంలో ఊడి అడుగున పడి ఉండేది.

"కింద ఊతకర్రలు పెట్టలేదు నువ్వు. గాలిలో వేలాడే ముక్క ఏదైనా పడిపోతుందే అమ్మాయ్" అనేది పళ్ళక్క.

ఊతకర్రలు ఎక్కడ పెట్టాలో, వాటిని మచ్చ పడకుండా ఎలా తుంచాలో, గట్టిపడ్డాక ముక్క ఎంత కుంచించుకుపోతుందో నేర్చుకుంది. కానీ అసలు కొలతలు ఎక్కడివి? నాన్న కారు పాత ఇనుముగా కరిగిపోయి ఎన్నో ఏళ్ళయింది. అప్పుడు గుర్తొచ్చింది: దెబ్బ తిన్నాక ఆ కారు మేస్త్రి పనిచేసిన షెడ్డుకే వెళ్ళింది.

మేస్త్రి నవ్వి చెయ్యి చాచాడు. గ్రిల్ లేచింది, గోరువెచ్చగా, అడ్డగీతలతో. ఆవిడ కాలిపర్ ఆనిస్తే ఆయనకి చక్కిలిగింతలు.

"కదలకండి మేస్త్రిగారూ."

"నేను కదలట్లేదమ్మా, గ్రిల్ నవ్వుతోంది."

చేతిలో లేచేది అసలుకన్నా చిన్నది కాబట్టి, అసలు పొడవు ఎన్ని జానలో ఆయన చెప్పేవాడు, ఆవిడ ఇరవైనాలుగుతో భాగించేది. మొదట వేసిన గ్రిల్‌లో ఐదు గీతలకి బదులు ఆరు వచ్చాయి. తీరా చూస్తే ఆరోది మేస్త్రి ఆయుష్షు రేఖ. పళ్ళక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంక ఆ కారు నూరేళ్ళు నడుస్తుంది పో!"

ఎండలు ముదిరేసరికి గ్రిల్, అద్దాలు, పిడులు, మడతతో సహా వెనక సీటు తయారయ్యాయి. హ్యాండ్‌బ్రేకు మాత్రం ఆవిడ అడగలేదు. అది లేకుండానే కారు పూర్తి చేసేద్దామనుకుంది.

అదే రోజుల్లో తమ్ముడికి ఓడరేవు నుంచి ఉత్తరం వచ్చింది. సముద్రం లోతులు పటాలుగా గీసే ఉద్యోగం. ఇది మూడోసారి. మొదటి రెండు సార్లూ "అక్కడ నిన్నెవరు చూస్తారు?" అని ఆవిడ ఏడిస్తే వాడు ఊరుకున్నాడు. ఈసారి ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాడు.

ఆ ఆదివారం ఆవిడ వెళ్ళకముందే మేస్త్రి వచ్చాడు. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది.

"నాలుగు రోజులైందమ్మా, ఒకటి లేచి దిగనంటోంది. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నాను. ఇది మీ బండిదే. నువ్వు అడగలేదు, నేను తలుచుకోలేదు."

తువ్వాలు విప్పాడు. అరచేతి మధ్యలో, అడుగున పళ్ళ బిళ్ళతో సహా, హ్యాండ్‌బ్రేకు నిలబడి ఉంది. ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. అయినా కాలిపర్ తీసింది. చేతికి తెలిసిన పని అదొక్కటే.

"ఇంత సన్నటి పళ్ళు ఇరవైనాలుగో వంతులో రావు. పెద్దగా వేసుకో" అంది పళ్ళక్క. కొలతల కాగితం చూసి, "చివరికి నువ్వూ పళ్ళ దగ్గరికే వచ్చావు!" అని కూడా అంది.

బ్రేకు కర్ర కింద అర్ధచంద్రంలాంటి ఒక బిళ్ళ, దానికి పదకొండు పళ్ళు. కర్రని పైకి లాగితే ఒక చిన్న కొక్కెం ఆ పళ్ళలో పడి పట్టుకుంటుంది. ఆవిడ ఒక్కో పన్నూ గీసింది. ఏడు పళ్ళు వాడిగా వచ్చాయి. పైనున్న నాలుగూ, కర్ర బాగా లాగినప్పుడు కొక్కెం పడాల్సినవి, గులకరాళ్ళలా నున్నగా వచ్చాయి. కొలత తప్పిందనుకుని మళ్ళీ గీసింది. మళ్ళీ అంతే. తెర మీద కర్రని పైకి లాగి, కొక్కేన్ని పన్నులో కూర్చోబెట్టబోయింది. కూర్చోలేదు. ఇరవై ఏళ్ళు అద్దాలు కూర్చోబెట్టిన మనిషికి అర్థం కావడానికి ఎంతసేపు? అది పట్టుకునే బ్రేకు కాదు. జారిపోయే బ్రేకు.

ఆ కాగితం పట్టుకుని మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది.

"ఇలాగే ఉందా అప్పుడు?"

"ఇలాగే ఉందమ్మా. షెడ్డుకి తెచ్చినప్పుడు కర్ర పైకే ఉంది. జారినా ఏడో పన్ను మీదే ఆగింది, పూర్తిగా దిగలేదు. పైపళ్ళు అరిగిపోయి పట్టు లేదంతే. బిళ్ళ మార్చి ఇచ్చాను."

"నేను దించలేదా?"

"దించితే కిందికి ఉండాలి కదమ్మా."

ఆవిడ గోడకి ఆనుకుంది. కాగితం మడుస్తూ అడిగింది: "నాన్నకి తెలుసా?"

మేస్త్రి తన చేతి వైపే చూస్తూ చెప్పాడు. "అంతకు నెల ముందే మా యజమాని ఆయనకి చెప్పాడు, బ్రేకు జారుతోంది, మార్పించుకోండి అని. వచ్చే నెల చూద్దామన్నారు. తర్వాత నేనే ఆ అరిగిన బిళ్ళ ఆయన చేతిలో పెట్టాను. జేబులో వేసుకున్నారు. మీ ఇంట్లో నువ్వు దించావనుకుంటున్నారని నాకెవరు చెబుతారమ్మా?"

దారిలో పళ్ళక్క దగ్గర బ్రేకు అచ్చు వేయించి, ఆవిడ ఇంటికి వచ్చింది. తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ బ్రేకుని వాడి ముందు పెట్టి అంతా చెప్పింది. వాడు దాన్ని తీసుకుని బొటనవేలితో నున్నటి పళ్ళు తడిమాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"నేననుకున్నాను, నేను దించానని" అన్నాడు.

"ఏంటీ?"

"నువ్వు స్టీరింగు దగ్గరున్నావు. నేను వెనక సీట్లోంచి ముందుకి పాకుతున్నాను. నా మోకాలు దానికి తగిలింది. కారు కదిలింది. నువ్వేమో నేనే అని చెప్పేశావు. నాకు భయమేసి ఊరుకున్నాను. తర్వాత చెబుదామంటే నువ్వు రోజూ వండి పెడుతున్నావు, సంబంధాలు వద్దంటున్నావు. ఏ మొహంతో చెప్పను? నువ్వు ఏడిస్తే ఉద్యోగం వద్దన్నాను. నీకు నేను ఆమాత్రం బాకీ ఉన్నాననుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వుతుంటే ఆవిడకి ఏడుపొచ్చింది. "పాపం నాన్న" అంది. అదే నోటితో "ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదరా, ఒక్కసారి!" అంది. వాడు లేచి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ గది మధ్యకి వచ్చి, మెల్లగా గోడ ఎక్కి వెళ్ళిపోయింది. వాళ్ళు లేవలేదు.

ఆ సాయంత్రమే మేస్త్రి చేతిలో బ్రేకు దిగిపోయిందని పాలు పోసే ఆవిడ చెప్పింది.

వారం తిరిగేలోపు తమ్ముడు ఓడరేవుకి బయల్దేరాడు. బొమ్మ కారుని పాత చొక్కాలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆవిడ స్టేషనుదాకా వెళ్ళింది. మాత్రల పేర్లు, ఫోన్ చెయ్యాల్సిన వేళలు ఏవీ చెప్పలేదు. రైలు కదిలేముందు "అక్కడ సముద్రం ఎంత లోతుందో రాయి" అంది. "కొలిచి చెబుతా" అన్నాడు వాడు.

మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చి, కాసేపు నడుం వాలుద్దామని మంచం మీద ఒరిగింది. పగలు నిద్రపోయే అలవాటు ఆవిడకి లేదు. కళ్ళు తెరిచేసరికి సందె చీకటి పడుతోంది. వంటకి వేళ మించిపోయిందని గబుక్కున లేచి కూర్చుంది. ఎవరి కోసమో గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, లైటు వేసి, తనకి ఏం తినాలనుందో ఆలోచించడం మొదలుపెట్టింది. తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.